మొలొకాయి విచారణ గురువు ఫాదర్ డామియన్



పల్లెలలో కుష్ఠువును పేరుపెట్టి పిలువక, గొంతు తగ్గించి “పెద్దరోగము” అనుట పెద్దలందరు ఎరిగినదే. ఆ భయమే హవాయి రాజ్యములో 1865వ సంవత్సరమున శాసనరూపము దాల్చెను. రోగము సోకినదని తేలినవారిని ఆలుబిడ్డలనుండి వేరుచేసి మొలొకాయి దీవి ఉత్తరతీరమునకు పంపసాగిరి. అచట మూడువైపుల సముద్రము, నాలుగవవైపు నిలువున లేచిన కొండగోడ. 1866 జనవరిలో మొదటి గుంపు దిగినది మొదలు 1969లో ఆ నిర్బంధము తొలగువరకు సుమారు 8,000 మంది ఆ తీరము చేరిరి. ఇంటికి తిరిగి వచ్చినవారు బహు అరుదు.

అట్టి చోటికి 1873 మే 10వ తేదీన ఒక గురువు తనంత తానుగా వచ్చెను. ఆయనయే ఫాదర్ డామియన్. బెల్జియం దేశమున ట్రెమెలో గ్రామములో 1840లో జన్మించిన పల్లెటూరివాడు. అసలు హవాయికి బయలుదేరవలసినది ఆయన అన్న. అన్న జబ్బుపడగా తమ్ముడు పెద్దలను వేడుకొని ఆ స్థానమున ఓడ యెక్కెను. 1864లో హోనొలూలులో గురుపట్టము పొంది, తొమ్మిదేండ్లు పెద్దదీవి పల్లెలలో తిరిగెను. మొలొకాయికి నలుగురు గురువులు వంతులవారీగా పోవలెనని తొలి యేర్పాటు. మొదటి వంతు డామియనుది. ఆయన అచటనే ఉండిపోవుదునని కోరుటచే వంతుల మాట వెనుకబడెను.

వచ్చిన తొలి రాత్రులు ఆయన ఒక హలా చెట్టుక్రింద పరుండెను. తెలుగుతీరపు మొగలికి అది దగ్గరి చుట్టము. రోగుల పుండ్ల వాసనకు మొదట ఆయనకును కడుపులో త్రిప్పెడిది. ఆ వాసన మరపించుటకు చుట్టపీపా కాల్చుట అలవరచుకొనెను. క్రమముగా ఆ యేవగింపు పోయెను. చేమదుంపలను ఉడికించి దంచిన ‘పోయ్’ అను ముద్దను రోగులతో కలిసి వారి గిన్నెలోనే తినెను. కట్లు కట్టెను. వడ్రంగపు పనిముట్లు చేతబట్టి ఇండ్లు లేపెను, గుడిని పెంచెను, కొండవాగు నీటిని గొట్టములద్వారా ఊరికి తెచ్చెను, తలిదండ్రులు లేని పిల్లలకు వసతి కల్పించెను. చచ్చినవారికి శవపేటిక సైతము లేని కాలమది. ఆ పేటికలను తన చేతులతో బిగించి, గోతులు త్రవ్వి, మంత్రము చదివి మట్టి వేయువాడు ఆయనయే. వాద్యబృందమును గూడ కూర్చెను. చావు కొరకు కూర్చున్న ఊరికి పాట యెందులకని కొందరు అడుగవచ్చును. ఆ ఊరివారు మాత్రము అడుగలేదు.

ఆయన మెత్తని స్వభావము కలవాడు కాడు. మొండితనము, తొందరపాటు, ముక్కుమీది కోపము ఉండెను. కలపకు, బట్టకు, మందునకు ఆరోగ్యశాఖవారిని ఎడతెగక పీడించెడివాడు. తన పై గురువులతో సైతము పొసగలేదు. లోకమున కీర్తి పెరిగినకొలది ఆ పొరపొచ్చెములును పెరిగెను.

1884 చివర ఒకనాడు కాలు కాగిన నీటిలో పెట్టగా చర్మము బొబ్బలెక్కెను గాని నొప్పి తెలియలేదు. రోగలక్షణము ఆయనకు తెలియనిది కాదు. పని మానలేదు. 1886లో జోసెఫ్ డట్టన్ అను అమెరికనుడును, 1888లో మదర్ మేరియన్ కోప్ వెంట కన్యాస్త్రీలును తోడుగా రాగా, 1889 ఏప్రిల్ 15న 49వ యేట కన్నుమూసెను. మొదట పండుకొన్న ఆ చెట్టుక్రిందనే సమాధిచేసిరి.

కొలది నెలలకే హోనొలూలులోని హైడ్ అను బోధకుడు, డామియన్ మురికివాడనియు, మూర్ఖుడనియు, శీలము లేనివాడనియు ఒక జాబు వ్రాయగా అది పత్రికల కెక్కెను. దానికి బదులు పలికినది రాబర్ట్ లూయీ స్టీవెన్సన్. నండూరి రామమోహనరావుగారి ‘కాంచనద్వీపము’ చదివిన పాఠకులకు ఆ మూలకర్త పరిచితుడే. డామియన్ పోయిన మరుసటి నెలలోనే ఆయన మొలొకాయికి వెళ్ళి, రోగులను కలిసి, తెలిసినవారిని అడిగి వచ్చెను. మతమున డామియను పక్షమువాడు కాదు. 1890లో ప్రకటించిన బహిరంగలేఖలో, మురికి, మొండితనము మున్నగు లోపములను ఆయన దాచలేదు. శీలముపై వేసిన నిందను మాత్రము త్రిప్పికొట్టెను. ఇండ్లలో సుఖముగా కూర్చున్నవారు, అచటికి పోయినవానిని తూచుటెట్లని నిలదీసెను. పొగడ్తలకన్న ఆ లేఖయే డామియనును ఎక్కువ కాలము నిలిపినదనుట సబబు, ఏలనన అందు మనిషి మనిషిగానే కనబడును.

1936లో బెల్జియం ప్రభుత్వము కోరుటచే ఆయన అస్థులను స్వదేశమునకు కొనిపోయి లూవెన్ నగరమున ఉంచిరి. ఆ దేశమునకు అది గౌరవము. కాని తమ గురువును తీసికొనిపోయినందుకు మొలొకాయివారు దుఃఖించిరి. ఆయనను 1995లో ధన్యునిగను, 2009 అక్టోబరు 11న పునీతునిగను ప్రకటించిరి. ఆ చివరి ఉత్సవమునకు, మందులతో రోగము నయమైయు ఆ తీరమును విడువని వృద్ధులు కొందరు రోమునగరము వెళ్ళిరి.

అస్థులన్నియు తిరిగి రాలేదు. 1995లో కుడిచేయి మాత్రము మొలొకాయి చేరగా, ఊరివారు దానిని పాతసమాధిలోనే ఉంచిరి. పుండ్లకు కట్లు కట్టినదియు, పేటికలకు మేకులు కొట్టినదియు ఆ చేయియే.