కడుపులో బిడ్డకు మన వాటా

(వార్షిక సమావేశంలో సంస్థ ఆరోగ్య విభాగం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఈసారి మేము ఒక్క విషయమే మాట్లాడదలచుకున్నాం. అది పుట్టిన బిడ్డ తూకం. రెండున్నర కిలోలకు తగ్గితే తక్కువ బరువు కింద లెక్క. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, తూకం వేసిన పిల్లల్లో సుమారు 18 శాతం మంది ఆ గీతకు కిందే ఉన్నారు. అలాంటి బిడ్డ ఒంట్లో వేడి నిలవదు, పాలు గట్టిగా లాగలేడు, చిన్న జబ్బు కూడా పెద్దదవుతుంది. కొందరు నెలలు నిండకముందే పుడతారు. కొందరు నెలలు నిండినా కడుపులో సరిగ్గా ఎదగరు. ఈ రెండోదాంట్లో తల్లి తిండిది పెద్ద పాత్ర. మన సాయం పనికొచ్చేది కూడా అక్కడే.

మాత్రల సంగతి ముందు చెబుతాం. ఆ సర్వేలోనే గర్భిణుల్లో 52 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్రలు 180 రోజులు వేసుకున్న తల్లులు మాత్రం 26 శాతమే. మాత్రలు ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం. ఆశా అక్క ఇంటికే తెచ్చి ఇస్తుంది. అయినా అవి బియ్యం డబ్బా వెనకాలో, బీరువా మీదో పడి ఉంటాయి. మలం నల్లగా వస్తోందని ఒకరు, కడుపు కట్టేసిందని ఒకరు, బిడ్డ నల్లగా పుడుతుందని అత్తగారు చెప్పారని ఇంకొకరు మానేస్తారు. మలం నల్లగా రావడం మామూలే, భయం లేదు. బిడ్డ రంగుకూ మాత్రకూ సంబంధం లేదు. వికారంగా ఉంటే రాత్రి భోజనం తర్వాత వేసుకోవచ్చు. మన ఇళ్లలో అసలు చిక్కు చాయ్‌తో. మాత్ర వేసుకుని వెంటనే చాయ్ తాగితే ఐరన్ ఒంటికి సరిగ్గా పట్టదు. కనీసం గంటైనా ఎడం ఉండాలి. క్యాల్షియం మాత్ర కూడా దీనితో కలిపి వేసుకోకూడదు. నిమ్మరసం, జామపండు మాత్రం మేలు చేస్తాయి.

ఆ ఫోలిక్ యాసిడ్ కథ మన దాతలు తప్పక వినాలి. 1928లో బొంబాయి వచ్చిన లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు, బట్టల మిల్లుల్లో పనిచేసే పేద గర్భిణుల రక్తహీనత మీద పరిశోధన చేశారు. పేద ముస్లిం స్త్రీలలో అది ఎక్కువగా ఉందని, వారి భోజనంలో కూరలు, పళ్లు తక్కువని గమనించారు. ఈస్టు సారం తినిపిస్తే తేరుకున్నారు. అందులో ఉన్న గుణం ఏమిటో అప్పటికి ఎవరికీ తెలియదు. తర్వాత అదే ఫోలిక్ యాసిడ్ అని తేలింది. ఆకుకూరల్లో ఉంటుంది కనుక ఆకు అనే అర్థం వచ్చే లాటిన్ మాటతో ఆ పేరు పెట్టారు. 1945లో దాన్ని ప్రయోగశాలలో తయారుచేసిన బృందానికి నాయకుడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన అమెరికా చదువుకు వెళ్లేందుకు కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ డబ్బు సాయం చేసింది. ఆ డబ్బు ఎంతమంది తల్లుల దాకా వెళ్తుందో ఇచ్చినవారికి ఆ రోజు తెలిసి ఉండదు.

ఈ మాత్ర గర్భం తెలిశాక మొదలుపెడితే కొంత ఆలస్యమే. బిడ్డ వెన్నుపాము తొలి నాలుగు వారాల్లోనే రూపు కడుతుంది. అందుకే నికాహ్ అయిన ఇంట్లో, బిడ్డ కావాలనుకున్నప్పటి నుంచే రోజుకు 400 మైక్రోగ్రాములు వేసుకోమని డాక్టర్లు చెబుతారు.

ఒక మాట దాచకుండా చెప్పాలి. ఐరన్ మాత్ర తల్లి రక్తాన్ని నిలబెడుతుంది గాని, బిడ్డ తూకాన్ని పెంచేది కొద్దిగానే. తిండి చాలని తల్లికి తిండే పెట్టాలి. ఆఫ్రికాలోని గాంబియాలో, అదీ ముస్లింలే ఎక్కువగా ఉన్న పేద దేశం, 28 పల్లెల్లో ఐదేళ్లు ఒక పని చేశారు. వేరుశనగ, బియ్యప్పిండి, పంచదార, నూనె కలిపి బిస్కెట్లు చేసి ఐదో నెల నుంచి గర్భిణులకు రోజూ పెట్టారు. 1997లో ఫలితాలు ప్రచురించారు. సగటున పిల్లల తూకం 136 గ్రాములు పెరిగింది. పంట చేతికి రాని ఆకలి నెలల్లో పుట్టినవారిలో 201 గ్రాములు పెరిగింది. మృతశిశువులు తగ్గారు. అందులో విదేశీ పౌడరు ఏదీ లేదు. ఇంకో సంగతి: మంత్రసాని కళ్లముందే ఆ బిస్కెట్లు తినిపించారు.

మాకు ఈ చివరి సంగతే ముఖ్యంగా తోచింది. మన రేషన్ కిట్టు ఇంటికి చేరుతుంది. అందులో గర్భిణి నోటికి చేరేది ఎంత? మగవాళ్లు, పిల్లలు, అత్తమామలు తిన్నాక కోడలు కూర్చుంటుంది. ఎక్కువ తింటే బిడ్డ పెద్దదై కాన్పు కష్టమవుతుందని ఆమెనే తగ్గించి తినమనే పెద్దమ్మలు ఇంకా ఉన్నారు. కొందరు దాతలు ప్రేమతో ఖరీదైన పౌడరు డబ్బాలు పంపిస్తున్నారు. ఆ సొమ్ముకు రోజూ గుడ్డు, గుప్పెడు వేరుశనగలు, పప్పు, గ్లాసు పాలు నెలల తరబడి వస్తాయి. డబ్బాలు వద్దని మా మనవి.

ఈ ఏడాది నుంచి ఐదో నెల మొదలు కాన్పు దాకా, గర్భిణి పేరు మీదే వేరుగా సరుకు ఇవ్వాలని అనుకుంటున్నాం. ఖర్జూరం, వేరుశనగ, శనగలు, బెల్లం, గుడ్లు. వారానికోసారి మన మహిళా కార్యకర్త వెళ్లి, మాత్రల అట్ట చూసి, అత్తగారితో కూడా కాసేపు మాట్లాడి రావాలి. అంగన్‌వాడీ భోజనం మానుకోనివ్వకూడదు, ఇది దానికి అదనం. అర్హురాలైన పేద తల్లి చేతికే సరుకు అప్పగిస్తాం కనుక జకాత్ సొమ్ము దీనికి వాడవచ్చా అని ఉలమాను అడిగి, వారు చెప్పినట్టే చేస్తాం. కార్యకర్త ఆటో ఖర్చులు మాత్రం సదఖా నుంచే.

రమజాన్ దగ్గర పడుతోంది. తనకో బిడ్డకో హాని కలుగుతుందని భయమున్న గర్భిణికి ఉపవాసం విషయంలో సడలింపు ఉంది, తర్వాత పూర్తి చేసుకోవచ్చు. ఈ మాట మౌలానాలు మగవాళ్లకు కూడా చెప్పాలని కోరుతున్నాం. ఎందుకంటే సిగ్గుపడి, మాట పడతానని జంకి ఉపవాసముండేది ఆడబిడ్డే.

జర్దా పాన్, గుట్కా నమిలే గర్భిణుల బిడ్డలు తూకం తగ్గి పుడతారు. బీడీలు చుట్టే అక్కచెల్లెళ్లు కనీసం ఈ నెలల్లో పొగాకు ధూళికి దూరంగా ఉండేలా వేరే పని చూపించగలిగిన వ్యాపారులు ఈ సభలో ఉన్నారు. మేము వారిని వచ్చి కలుస్తాం.

మీ వీధిలో ఎవరైనా గర్భిణి ఉంటే మాకు చెప్పండి. దరఖాస్తులు, సిఫారసులు అక్కర్లేదు. ఆసుపత్రిలో ఇచ్చిన తల్లీబిడ్డల కార్డు చూపిస్తే చాలు, ఆ వారంలోనే పేరు రాసుకుంటాం.