ఎనిమిది బైట్ల సాక్ష్యం: స్మారకోపన్యాసం

ఏ మాస్టారి పేరిట మనం ఈ సాయంత్రం ఇక్కడ చేరామో, ఆయన కొత్తగా వచ్చిన ప్రతి విద్యార్థికీ ఇచ్చే మొదటి పని ఒకటే. డిస్కులో ఉన్న బొమ్మను సర్వర్ స్క్రిప్టు ద్వారా బ్రౌజర్‌కు పంపాలి. అందిన కాపీని అసలుతో బైటుకు బైటు పోల్చాలి. చాలామందికి రెండూ సరిపోలేవి కావు. ఎందుకు సరిపోలలేదో రాసుకు రమ్మనేవారు. నా పరిశోధన ఆ కాగితం మీదే మొదలైంది.

వెబ్ పుట్టుక మీకు తెలిసిందే. 1991 నాటి హెచ్‌టీటీపీలో హెడర్లే లేవు. కంటెంట్-టైప్ అన్నది ఈమెయిల్ కోసం బోరెన్‌స్టైన్, ఫ్రీడ్ 1992లో రూపొందించిన మైమ్ నుంచి అరువొచ్చింది. 1993లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలోని ఎన్‌సీఎస్ఏ నుంచి సీజీఐ వచ్చింది. స్క్రిప్టు ముందు హెడర్లు, తరువాత ఒక ఖాళీ లైను, ఆపైన బైట్లు తన స్టాండర్డ్ అవుట్‌పుట్‌లోకి రాస్తే చాలు. ఇదంతా పాఠ్యపుస్తకాల్లో ఉంది.

నేను ఆగేది ఆ స్టాండర్డ్ అవుట్‌పుట్ దగ్గర. అది అక్షరాల కోసం వేసిన దారి. లైను చివర యూనిక్స్‌లో 10 అనే ఒక్క బైటు ఉంటుంది. డాస్, విండోస్‌లలో 13, 10 జంటగా ఉంటాయి. అందుకని విండోస్‌లో స్క్రిప్టు రాసిన ప్రతి 10కీ ముందు ఒక 13 వచ్చి చేరుతుంది. అక్షరాలకు అది ఉపకారమే. బొమ్మలో మాత్రం 10 ఒక రంగు కావచ్చు, ఒక కొలత కావచ్చు. 13 దూరిన చోటు నుంచి మిగిలిన బైట్లన్నీ పక్కకు జరుగుతాయి. కంటెంట్-లెంగ్త్‌లో అసలు ఫైలు పరిమాణమే రాసి ఉంటే, బ్రౌజర్ ఆ లెక్క పూర్తికాగానే ఆగిపోతుంది, ఉబ్బిన బొమ్మ తోక రాలిపోతుంది. పెర్ల్‌లో దీనికి మందు ఒక్క మాట: బిన్‌మోడ్.

ఈ రోగాన్ని పట్టే సాక్షిని బొమ్మలోనే కూర్చోబెట్టినవారు పీఎన్‌జీ రూపకర్తలు. 1996 నాటి ఆ ప్రమాణంలో ప్రతి ఫైలూ 137, 80, 78, 71, 13, 10, 26, 10 అనే ఎనిమిది బైట్లతో మొదలవుతుంది. ఏడు బిట్లే మోసే దారిలో పడితే 137 కాస్తా 9 అవుతుంది. జంట కుదించుకుపోతే 13 మాయమవుతుంది. ఒంటరి 10కి 13 తోడైతే చివరి బైటు చెప్పేస్తుంది. 26 ఉన్నది డాస్ తెరమీద ఫైలును చూపబోతే అక్కడితో ఆపడానికి. ఇంత ఇరుకు చోట ఇంత ముందుచూపు నేను మరెక్కడా చూడలేదు.

ఇక్కడ నా సాటి పరిశోధకులు కొందరితో నాకు పాత తగాదా ఉంది. ఇది విండోస్ జబ్బు మాత్రమేననీ, యూనిక్స్ వాళ్లకు బిన్‌మోడ్ అనవసరమనీ వారి వాదం. నేను ఒప్పుకోను. 2002లో పెర్ల్ 5.8.0 వచ్చింది. యూటీఎఫ్-8 లొకేల్ ఉన్న లినక్స్ మీద అది అవుట్‌పుట్‌ను తనంతట తానే యూటీఎఫ్-8గా మార్చింది. అప్పుడు 137 ఒక్కటీ 194, 137 అనే రెండు బైట్లయింది. బిన్‌మోడ్ రాసిన స్క్రిప్టులు బతికాయి, రాయనివి చెడ్డాయి. మరుసటి ఏడు 5.8.1లో ఆ మార్పును వెనక్కి తీసుకున్నారు. అది యూనికోడ్ గొడవ, మీరు చెప్పే లైను చివరి గొడవ వేరు అని నా మిత్రులు జవాబిస్తారు. ఎలా వేరు? రెండుచోట్లా జరిగింది ఒకటే: దారి బైటును అక్షరమనుకుంది. మాస్టారు ఈ మాట 5.8 రాకముందే అనేవారు, నేను విన్నాను.

అధ్యక్షులవారు గడియారం చూపిస్తున్నారు, త్వరగా ముగిస్తాను. పీహెచ్‌పీ కాలంలో నోట్‌ప్యాడ్‌లో తెలుగు వ్యాఖ్యలు రాసి యూటీఎఫ్-8గా దాచుకున్న మనవాళ్ల స్క్రిప్టుల మొదట్లో 239, 187, 191 అనే మూడు బైట్లు చేరి, బొమ్మ కన్నా ముందే బయటికి నడిచేవి. 2008లో పైథాన్ 3 బైట్లనూ అక్షరాలనూ విడదీసింది. 2010లో సవరించిన పైథాన్ వెబ్ ప్రమాణం డబ్ల్యూఎస్‌జీఐ, జవాబు దేహం బైట్లుగానే ఉండాలని తేల్చింది. 2015 నాటి హెచ్‌టీటీపీ/2లో హెడర్లు కూడా బైనరీలోనే ప్రయాణిస్తాయి.

యువ మిత్రులకు ఒక్క విన్నపం. మీ స్క్రిప్టు పంపిన పీఎన్‌జీ తెరుచుకోకపోతే కోడు దిద్దడానికి ముందు, అందిన ఫైలులో మొదటి ఎనిమిది బైట్లు చదవండి.