మడవ తిప్పే చెయ్యి



హచ్చొళ్ళి చుట్టుపక్కల వరి పండించేవాళ్ళకు నీటి విలువ నేను చెప్పాలా? పైన హొసపేట దగ్గర తుంగభద్ర డ్యాం. అక్కడ నీళ్ళు వదిలితేనే ఇక్కడ కాలువ పారేది. ఆ నీళ్ళను మన పార పుట్టించలేదు. కానీ మడవ తిప్పాల్సింది మనమే. తిప్పకపోతే కాలువ నిండుగా పారుతున్నా మడి నెర్రెలిస్తుంది.

దేవుని కృప, మన విధేయత అనగానే నాకు ఆ మడవే గుర్తొస్తుంది.

1810లో జాన్ హ్యాండ్స్ అనే మిషనరీ బళ్ళారికి వచ్చి, బైబిల్‌ను కన్నడంలోకి తెచ్చాడు. ఈ కృప అన్న మాటే కన్నడంలో కృపె, తెలుగులో కృప. సరిహద్దు వాళ్ళం, మనకు రెండూ ఇంటి మాటలే.

ఎఫెసీయుల పత్రిక రెండో అధ్యాయం తీయండి. రక్షణ కృపవల్లే, క్రియలవల్ల కాదంటాడు పౌలు. చాలామంది అక్కడే ఆగిపోతారు. ఇంకొక్క వచనం చదవండి. మంచి పనులు చేయడానికే దేవుడు మనల్ని సృష్టించాడని ఉంది. ముందు కృప, తర్వాత విధేయత. ఆ వరస తప్పకూడదు.

"ఇన్నిసార్లు పడ్డాను, ఇంకా క్షమిస్తాడా?" అని కుమిలిపోతున్నారా? నీళ్ళు ముందే వదిలారమ్మా. "ఎలాగూ క్షమిస్తాడులే" అంటున్నారా? పార మూలన పడేశారన్నమాట.

మరి మడవ ఎక్కడ తిప్పాలి? గట్టు తగాదాతో మాటలు మానేసిన పక్క పొలం ఆయన ఉన్నాడా? ఈ సాయంత్రం ప్రార్థన చేసుకుని వెళ్ళండి. "అన్నా, బాగున్నావా?" అని మీరే ముందు పలకరించండి.