రేపటికి మిగిలే నవల



ఈమధ్య వచ్చిన నవలల్లో వందేళ్ల తర్వాత కూడా చదివేవి ఏవి? అరకులో నిలబడి ఈ మాట అంటే నాకు ముందు ఒక పాత పుస్తకమే గుర్తొస్తుంది. గోపీనాథ్ మహంతి ఒడియాలో రాసిన 'పరజ', 1945 నాటిది. కథంతా మన పక్కనే, కొరాపుట్ కొండల్లో జరుగుతుంది. సుక్రు జాని అనే గిరిజనుడి కూతురి మీద ఒక ఫారెస్టు గార్డు కన్నేస్తాడు. మాట చెల్లకపోయేసరికి చెట్లు నరికాడని సుక్రు మీద కేసు పెడతాడు. జరిమానా కట్టడానికి సాహుకారు దగ్గర చేసిన అప్పు కింద తండ్రీ కొడుకులు వెట్టికి పోతారు, భూమీ పోతుంది. గిరిజనుల భూమిని కాపాడే 1/70 చట్టం మనకి వచ్చింది ఆ తర్వాత పాతికేళ్లకి. ఆ చట్టం ఎందుకు కావాల్సి వచ్చిందో సుక్రు ఇంట్లో జరిగింది చదివితే చాలు.

మహంతి కొండ మనిషి కాదు, ప్రభుత్వ అధికారి. అయినా అప్పు ఒక ఇంటిని మెట్టు మెట్టుగా ఎలా మింగుతుందో దగ్గరుండి చూసినట్టు రాశాడు. అందుకే ఆ నవల ఇంకా బతికుంది.

తెలుగులో అలా నిలుస్తాయని నేను గట్టిగా నమ్మేవి రెండు. ఒకటి జి. కళ్యాణరావు 'అంటరాని వసంతం' (2000). చరిత్ర పుస్తకాలు వదిలేసిన దళితుల పాటనీ ఆటనీ తరతరాల జ్ఞాపకంగా నిలబెట్టిన నవల. రెండోది సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి 'కొండపొలం'. ఉద్యోగం దొరకని ఇంజనీరింగ్ కుర్రాడు కరువుకాలంలో గొర్రెల మందతో నల్లమల ఎక్కుతాడు. నల్లమల కూడా మన తూర్పు కనుమలే. 2019లో తానా బహుమతి, 2021లో సినిమా దానికి పేరు తెచ్చాయి. నా నమ్మకం మాత్రం వాటి మీద కాదు. గొర్రెల కాపరుల అడవి జ్ఞానం వాళ్ల మాటల్లోనే అందులో ఉంది, ఆ బతుకు మారిపోయాక దాన్ని వెతుక్కుంటూ జనం ఆ పుస్తకం దగ్గరికే వస్తారు.

బహుమతుల్లాగే నిషేధాలూ నవల ఆయుష్షుని తేల్చవు: పాత తెలుగు నవల 'మాలపల్లి'ని ఆనాటి ప్రభుత్వం నిషేధించినా పాఠకులు వదల్లేదు. నవలని నిలబెట్టేది వాళ్లే.

మరి పట్టభద్రులారా, ఇక్కడి పొర్జల, గదబల, కొండదొరల ఇళ్లలోంచి, మీ నోటి మాటతో అంత పెద్ద నవల తెలుగులో నేనింకా చదవలేదు. కాఫీ తోటలో మిరియాల తీగ ఏ చెట్టుకి పాకుతుందో, శుక్రవారం సంతలో ఎవరు ఎవరి దగ్గర తూకంలో మోసపోతారో మీకు తెలిసినంత మాకు తెలియదు. ఉద్యోగాలు వెతుక్కోండి, తప్పకుండా. దాంతోపాటు 'పరజ', 'అంటరాని వసంతం', 'కొండపొలం' ఈ మూడూ చదవండి. మీలో ఒక్కరైనా నాలుగోది రాయండి.