ఆడపడుచు వేలిముద్ర
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



ఇంటి తగవులను గూర్చియు, వానికి చట్టము చెప్పు మార్గమును గూర్చియు మాటలాడుమని కార్యదర్శిగారు నన్ను కోరినారు. విషయము చాల పెద్దది. అన్నిటిని తడవినచో ఏదియు మీ వెంట ఇంటికి రాదు. కావున మన ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతమున తోబుట్టువుల నడుమ తరచుగా పుట్టు తగవు నొకదానినే ముఖ్యముగా పట్టుకొందును. అది భూమి పంపకము. అందులో ఆడపడుచు వేయు వేలిముద్ర.

ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతరకు ఆడపడుచులు పుట్టిండ్లకు వత్తురు. భోజనములైన పిమ్మట తమ్ముడొక కాగితము తెచ్చి, “అక్కా, ఈడ వేలిముద్ర వెయ్యి, బ్యాంకోళ్లు అడుగుతాండారు” అనును. అక్క వేయును. ఆమెకు చదువు రాదు. వచ్చినను తమ్ముని ముందర కాగితము చదివి చూచుట అతనిని అనుమానించినట్లగునని జంకు. మరునాడు రిజిస్ట్రారు ఆఫీసునకు కూడ పోయి వచ్చును. ఆ కాగితము అప్పు కాగితము కాదు, హక్కు విడుదల పత్రము. కొన్నేండ్లకు పొలము ధర పెరిగినపుడు ఆమె కుమారుడు ఇ.సి. తీయించి చూడగా సంగతి బయటపడును. ఇక కోర్టు. ఆ మీదట జాతరకు పిలుపుండదు.

ఇట్లు మోసముతో వ్రాయించుకొన్న పత్రమును రద్దు చేయుమని దావా వేయవచ్చును. కాని మోసము తెలిసిన నాటినుండి మూడేండ్లలోపల వేయవలెను. “పెద్దలతో చెప్పించి చూతము” అని ఏండ్లు గడిపినవారికి ఈ గడువే శత్రువగును.

ఇంతకు ఆడపడుచునకు హక్కెంత? 1956 హిందూ వారసత్వ చట్టము పిత్రార్జితములో తండ్రి వాటాకు మాత్రమే ఆమెను వారసురాలిని చేసినది. నందమూరి తారకరామారావుగారి ప్రభుత్వము తెచ్చిన ఆంధ్రప్రదేశ్ సవరణ 5-9-1985 నుండి కుమార్తెకు కుమారునితో సమముగా పుట్టుకతోనే హక్కునిచ్చినది. అయితే అప్పటికే పెండ్లి అయినవారికి అది వర్తింపలేదు. 9-9-2005 నాటి కేంద్ర సవరణతో ఆ భేదము పోయినది. తండ్రి 2005కు ముందే మరణించినను, ఆనాటికి కుమార్తె జీవించియుండి, ఆస్తి పంపకము కాకుండ ఉమ్మడిగా నున్నచో ఆమెకు హక్కు కలదని సుప్రీంకోర్టు 11-8-2020న వినీతా శర్మ కేసులో తేల్చి చెప్పినది. 20-12-2004కు ముందే రిజిస్టరైన పంపకములను, కోర్టు డిక్రీతో జరిగిన పంపకములను మాత్రము ఈ సవరణ కదల్పదు. “మా నాయన నోటిమాటతో ఎప్పుడో పంచినాడు” అన్న వాదము సులభముగా నిలువదు.

లెక్క చెప్పినగాని మనస్సున నాటదు. పన్నెండెకరముల నల్లరేగడి, పత్తి పండు పిత్రార్జితమనుకొందము. తండ్రి వీలునామా వ్రాయకుండ ఇటీవల మరణించెను. తల్లి, ఇద్దరు కుమారులు, ఒక కుమార్తె కలరు. తండ్రికి, ముగ్గురు బిడ్డలకు మొదట తలకు మూడెకరములు. తండ్రి మూడెకరములు మరల తల్లికి, ముగ్గురు బిడ్డలకు నాలుగు సమభాగములు. తుదకు బిడ్డ యొక్కొక్కరికి 3 ఎకరముల 75 సెంట్లు, తల్లికి 75 సెంట్లు. తండ్రి స్వార్జితమైనచో అతడు తన యిష్టము వచ్చినవారికి వ్రాయవచ్చును. వ్రాయనిచో ఆ నలుగురికి సమానము. ముస్లిం కుటుంబములకు వేరు శాస్త్రము. అక్కడ కుమారుని వాటాలో సగము కుమార్తెకు వచ్చును.

“కట్నమిచ్చి పంపితిమి కదా, ఇంకేమి వాటా?” అని అడుగువారు ప్రతి ఊరనున్నారు. 1961 నుండి కట్నమిచ్చుటయు, పుచ్చుకొనుటయు నేరము. చేసిన నేరమును చూపి వాటా తగ్గింపుమనుట వింతయే! ఇక పాసుపుస్తకము పెద్దన్న పేర నున్నంత మాత్రమున భూమి అతని దొక్కనిదే కాదు. అడంగలులోని పేరు శిస్తు లెక్కలకు ఉపయోగించునే గాని, ఉమ్మడివారి హక్కును తుడిచివేయదు.

ఎమ్మిగనూరు చేనేతవారికి ఒక మాట. మీకు ఇల్లే కార్ఖానా. మగ్గము గుంతయు, వంటపొయ్యియు ఒకే కప్పు క్రింద నుండును. పూర్వము మగవారు పంచుకొనువరకు నివాసగృహములో వాటా అడుగుటకు కుమార్తెకు వీలులేకుండెను. ఆ 23వ సెక్షనును 2005లో తీసివేసినారు. అయినను మగ్గమున్న గదిని చీల్చుటకంటె, వాటాకు ధర కట్టి సొమ్ము ఇచ్చి పత్రము వ్రాయించుకొనుట ఇరువురికిని మేలని నా అభిప్రాయము.

అన్నదమ్ములు చెడ్డవారని నేననుట లేదు. పుట్టింటి రాకపోకలు నిలువవలెనని తెలిసి తెలిసి వాటా వదలుకొను అక్కచెల్లెండ్రు అనేకులు. వదలుకొనుట వారి యిష్టము. అయితే పత్రమును పైకి చదివి వినిపింపవలెను, ఎంత భూమియో సర్వే నంబరుతో చెప్పవలెను, సొమ్మిచ్చినచో ఎంతయో పత్రములోనే వ్రాయవలెను. తెల్లకాగితముపై పెద్దల సంతకములతో భూమి పంచుకొనుట చాలదు. నూరు రూపాయలు మొదలు స్థిరాస్తి మార్పిడికి రిజిస్ట్రేషను కావలెను, సంతకమైన నాలుగు నెలలలో దానిని దాఖలు చేయవలెను. ఇదివరకే జరిగిన పంపకమును జ్ఞాపకార్థము వ్రాసికొన్న కాగితమునకు వేరు న్యాయము కలదు. మీ చేతిలోనిది ఏదో వకీలుకు చూపి తెలిసికొనుడు.

ఇక్కడనే ఈ గ్రంథాలయము పని కలదు. సాయంకాలము పత్రికలు చదువ వచ్చు యువకులు, వారమున కొక దినము, ఎవరి కాగితము వారికి చదివి వినిపింపరాదా? సలహా చెప్పనక్కరలేదు; ఉన్నది ఉన్నట్లు చదివిన చాలును.

సభలోనుండి కొన్ని చీటీలు వచ్చినవి.

ఒకరు అడిగినారు: “సుగ్గికి గుంటూరు పోయినపుడు కోర్టు నోటీసు వచ్చినదట. పుచ్చుకొనకున్న కేసు నిలుచునా?” నిలువదు. తిరస్కరించినను అందినట్లే భావించి ఏకపక్ష డిక్రీ ఇయ్యవచ్చును. నోటీసు నిజముగా అందనిచో డిక్రీ సంగతి తెలిసిన ముప్పది దినములలో దానిని తీసివేయుమని అర్జీ పెట్టుకొనుడు.

ఒక పెద్దాయన చీటీ: “కొడుకులకు పొలము దానముగా వ్రాసి యిచ్చితిని. ఇపుడు అన్నము పెట్టుట లేదు.” 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టము క్రింద రెవిన్యూ డివిజను స్థాయిలోని ట్రిబ్యునలునకు అర్జీ పెట్టవచ్చును, మనకది ఆదోని. పోషింపవలెనను షరతుతో ఇచ్చిన దానమును, వారు పోషింపనిచో, 23వ సెక్షను క్రింద రద్దు చేయింపవచ్చును. ఇక ముందు వ్రాయువారు ఆ షరతును పత్రములోనే స్పష్టముగ వ్రాయింపుడు. తాతా, తమ పత్రమును సభానంతరము నాకు చూపుడు.

మరియొక చీటీపై పేరు లేదు, వ్రాత ఆడవారిది. “వకీలుకు ఇచ్చుటకు డబ్బు లేదు.” అమ్మా, 1987 న్యాయసేవల చట్టము ప్రకారము స్త్రీలకు, షెడ్యూల్డు కులముల, తెగలవారికి రాబడితో నిమిత్తము లేకుండ ఉచితముగ వకీలు నిత్తురు. ఆదోనిలో గాని, ఎమ్మిగనూరులో గాని కోర్టు ఆవరణములోని న్యాయసేవా సంఘమున అడుగుము. 15100 నంబరునకు ఫోను చేసినను చెప్పుదురు. తోబుట్టువులు రాజీకి వచ్చినచో లోక్ అదాలతులో ముగించుకొనవచ్చును. దావాకు కట్టిన కోర్టు ఫీజు తిరిగి వచ్చును, అవార్డుపై అప్పీలుండదు. పోవునపుడు ఆధారు, తండ్రి మరణ ధ్రువపత్రము, భూమి సర్వే నంబరు వెంట తీసికొని పొమ్ము.