పక్షవాతం తర్వాత బండి తాళాలు ఎప్పుడు ఇవ్వాలి?



పక్షవాతం వచ్చినవారికి కాలూ చెయ్యీ కాస్త స్వాధీనంలోకి రాగానే ఇంట్లో వినిపించే ప్రశ్న ఒకటుంది: "మళ్లీ బండి నడపవచ్చా?" ఆటో, లారీ నడిపి కుటుంబాన్ని పోషించేవారికి ఇది కూటి సమస్య కూడా. అయితే కాలు, చేతి బలంతో పాటు చూపును కూడా పరీక్షించాలి.

మనం కంటితో మాత్రమే చూడం. కన్ను పంపినదాన్ని మెదడు గ్రహించాలి. మెదడు వెనుక భాగం దెబ్బతింటే రెండు కళ్లకూ ఒకే వైపు సగం చూపు పోవచ్చు. మెదడు కుడి భాగం దెబ్బతిన్న కొందరికి కళ్లు బాగున్నా ఎడమవైపు ధ్యాసే ఉండదు. కళ్లద్దాలు మార్చినా, శుక్లాల ఆపరేషన్ చేయించినా ఇది పోదు. గోడమీది అక్షరాలన్నీ చదివినవారికి కూడా ఈ లోపం ఉండవచ్చు.

"నాకంతా కనిపిస్తోంది" అని రోగి అంటే అది అబద్ధం కాదు. తన లోపం తనకే తెలియకపోవచ్చు. కనుక మీరు గమనించండి:

1. కంచంలో ఒక వైపు అన్నం వదిలేస్తున్నారా?
2. గడ్డం సగమే గీసుకుంటున్నారా?
3. గుమ్మం దాటేటప్పుడు ఒకే భుజం తగులుతోందా?
4. బైబిలు చదివేటప్పుడు వరుస మొదటి మాటలు వదిలేస్తున్నారా?

వీటిలో ఒక్కటి కనిపించినా డాక్టరుగారికి చెప్పండి. మన రోడ్లమీద ఎడమ పక్కనే నడిచేవారు, సైకిళ్లు, బడిపిల్లలు ఉంటారు.

ఆసుపత్రిలో చేసే పరీక్షలకు నొప్పి ఉండదు. డాక్టరుగారు ఎదురుగా కూర్చుని రెండు పక్కలా వేళ్లు కదుపుతారు. కొందరు ఒక్కొక్క పక్క విడిగా గుర్తిస్తారు, రెండూ ఒకేసారి కదిపితే ఒకటే చెబుతారు. కాగితం మీద గీతలన్నీ కొట్టివేయమంటారు, గడియారం బొమ్మ వేయమంటారు. కొందరు 12 అంకెలనూ కుడివైపే ఇరికిస్తారు. కంటి విభాగంలో యంత్రంతో చూపు విస్తీర్ణం కొలుస్తారు. ఇవన్నీ బాగుంటే, శిక్షణ పొందినవారు పక్కన కూర్చుని బండి నడిపించి చూడడం మంచిది.

లైసెన్సుకు గడువు ఉన్నంత మాత్రాన సరిపోదు. జబ్బు వల్ల నడపడానికి తగనివారి లైసెన్సును రద్దు చేసే అధికారం 1988 మోటారు వాహనాల చట్టం 16వ సెక్షన్ ప్రకారం అధికారులకు ఉంది.

మొదటి కొన్ని నెలల్లో చాలామందికి కొంత మెరుగుపడుతుంది. కాబట్టి "ఇప్పుడు వద్దు" అంటే "ఎప్పటికీ వద్దు" అని కాదు. తాళాలు లాక్కుని ఆయన్ని చిన్నబుచ్చకండి. "డాక్టరుగారు చూసి చెప్పేవరకు ఆగుదాం నాన్నా, అంతవరకు నేను తీసుకెళతాను" అనండి. చెప్పిన రోజున మళ్లీ పరీక్షకు తీసుకురండి.

దారిన పోయే మనిషి కూడా మన పొరుగువాడే. మీ ఇంటివారినీ, ఆ పొరుగువానినీ ప్రభువు కాపాడును గాక.