వంశమునకు తల్లి, వంశమునకు కోడలు

గౌహతినుండి కొండదారిన షిల్లాంగునకు పోవువారికి కానవచ్చు ఖాసీ సీమలో వంశనామము తల్లినుండి సంక్రమించును. తల్లిదండ్రుల వార్ధక్యభారమును, కులాచార నిర్వహణమును వహించు కనిష్ఠపుత్రికకే పూర్వుల గృహము దక్కును. ఒకే వంశమువారు పరస్పరము వివాహమాడుట వారి దృష్టిలో మహాపాతకము.

ఇందుకు భిన్నముగా మన ఆదిలాబాదు రాజగోండులలో వంశము తండ్రివెంట నడచును. అయినను ఆ వంశమున స్త్రీకిగల స్థానమెట్టిదో తెలియవలెనన్న, పుష్య అమావాస్యనాడు ఇంద్రవెల్లి మండలములోని కేస్లాపురమున ఆరంభమగు నాగోబా జాతరను చూడవలెను. రాజగోండులలోని మెస్రం వంశీయులు కాలినడకన గోదావరికేగి తెచ్చిన పుణ్యజలముతో నాగదేవత నభిషేకించిన పిమ్మట, వంశమునకు క్రొత్తగా వచ్చిన కోడండ్రు తెల్లచీరలు కట్టి, మేలిముసుగులు వేసికొని, పెద్దముత్తైదువల వెంట వేల్పు సన్నిధికి వత్తురు. 'భేటింగ్' అను ఈ పరిచయము జరిగినగాని కోడలికి వంశపూజలలో ప్రవేశము లేదు; జరిగిన క్షణమునుండి ఆమె మెస్రం వంశజురాలే. జాతర కంతటికిని ఈ ఘట్టమే ప్రాణమని నా నమ్మకము. ఆడపడుచులను, అల్లుండ్రను సయితము మరువక, వారిచేత కోనేటినీట మన్ను కలిపించి పుట్టలు కట్టింతురు.

1940లో జోడేఘాట్‌లో గోండు వీరుడు కొమరం భీము నేలకొరిగిన తరువాత, గోండుల గోడు తెలిసికొనుటకై నిజాము ప్రభుత్వము నియోగించిన హైమన్‌డార్ఫ్ పండితుడు ఈ జాతరయందే దర్బారు నెలకొల్పెను. నేటికిని అధికారులచటికి వచ్చి గిరిజనుల అర్జీలను స్వీకరింతురు.